ఇంటిపేర్లు మారిన దోస్తులు

ఎండాకాలం సెలవుల్లో బాన్సువాడ చుట్టుపక్కల ఏ తోవన పోయినా ఒక ఫ్లెక్సీ ఎదురవుతుంది. ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’. ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్. పైన సార్ల ఫోటోలు, కింద వరుసలు వరుసలుగా దోస్తుల ఫోటోలు. ఫంక్షన్ హాల్లో శాలువాలు, మెమెంటోలు, మటన్ భోజనం, పొద్దుగూకేదాకా ముచ్చట్లు. ఊరు విడిచిపోయినవాళ్లు హైదరాబాద్ నుంచి, దుబాయ్ నుంచి కూడా ఆ ఒక్క ఆదివారం కోసం వస్తారు. చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది.

ఆ ఫ్లెక్సీల్లో బాలికల ఉన్నత పాఠశాల పేరు ఎక్కడైనా ఉందేమో అని కూడా చూస్తాను. ఎప్పుడో గానీ కనపడదు. కలిపి చదివిన బడుల సమ్మేళనాల్లో సైతం ఆడవాళ్లు నలుగురో ఐదుగురో వచ్చి ఒక వరుసలో కూర్చుంటారు, భోజనం కాగానే బస్సు వేళయిందని లేస్తారు. బడి మీద మనసు లేక కాదు. సగం మందికి కబురే అందదు.

మగపిల్లవాడి జాడ తీయడం తేలిక. ఊరు అదే, ఇల్లు అదే, ఇంటిపేరు అదే. ఎరువుల దుకాణం దగ్గరో చాయ్ హోటల్ దగ్గరో అడిగితే నంబరు దొరుకుతుంది. ఆడపిల్లకు పెళ్లితో ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, రేషన్ కార్డు మారుతుంది. చేతిలో ఫోనున్నా సిమ్ భర్త పేరు మీద ఉంటుంది. హాజరు పట్టీలో రోజూ పిలిచిన పేరుతో ఫేస్‌బుక్‌లో వెతికితే ఎవరెవరో వస్తారు, ఆమె రాదు. నా వరకు ఇది చాలా పెద్ద నష్టం. అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్లు, అత్తామామలు, మొగుడు, అందరూ ఆడపిల్లకు ఇంటివాళ్లు ఇచ్చిన చుట్టాలే. బడిలో బెంచీ మీద పక్కన కూర్చున్న పిల్ల ఒక్కతే తను సొంతంగా సంపాదించుకున్న చుట్టం. పెళ్లయ్యాక మొట్టమొదట తెగిపోయేదీ ఆ చుట్టరికమే.

బెంచీకి నలుగురం

బాన్సువాడను చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతం రాత మార్చింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా మంజీర మీద ఆ ఆనకట్ట కట్టించారు. ప్రధాన కాలువ మా ఊరి పక్కనుంచే పోతుంది. నీళ్లొచ్చాక వరి వచ్చింది, చెరుకు వచ్చింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కోస్తా నుంచి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నాయి. పడమరకు పోతే మద్నూర్ దాటగానే మహారాష్ట్ర. జుక్కల్ దిక్కు కన్నడం వినపడుతుంది. ఊళ్లో ఉర్దూ ఎప్పటినుంచో ఉంది. చుట్టూ లంబాడీ తండాలు. ఇన్నిటి పిల్లలూ వచ్చి ఒక్క క్లాసులో కూర్చుంటే ఎట్లుంటుందో మా ఆడపిల్లల బడి తొంభైల్లో అట్లుండేది.

నా బెంచీకి నలుగురం. గోడ పక్కన బీర్కూర్ దిక్కు క్యాంపు నుంచి బస్సులో వచ్చే పిల్ల. ఆమె పక్కన నేను. నా ఇటు పక్కన తండా నుంచి వచ్చే పిల్ల. చివరన మసీదు గల్లీ పిల్ల. గేటు దాటగానే బురఖా తీసి నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకునేది, లాంగ్ బెల్లుకు మళ్లీ తొడుక్కునేది. హైస్కూల్లో మధ్యాహ్న భోజనం ఇంకా రాని రోజులవి. పన్నెండున్నరకు నాలుగు డబ్బాలు ఒకేసారి తెరిచేవాళ్లం. క్యాంపు పిల్ల డబ్బాలో ఆవకాయ అన్నం, తండా పిల్ల గుడ్డమూటలో జొన్నరొట్టె, ఎర్రకారం, మసీదు గల్లీ పిల్ల దగ్గర ఖిచిడీ, ఖట్టా. నా డబ్బాలో రోజూ పప్పే. అది మాత్రం ఎవరికీ వద్దు. జొన్నరొట్టెకు ఆవకాయ నూనె పూసుకొని తినడం మేం కనిపెట్టుకున్న రుచి. ఇప్పటికీ ఆ రెండూ ఇంట్లో ఉన్న రోజు నా పిల్లలకు అదే పెడతాను.

ఇండ్లల్లో ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి గ్లాసు వాళ్లది. ఎవరి ఇంట్లో నీళ్లు తాగొచ్చు, ఎవరి ఇంట్లో తాగకూడదు అనే లెక్కలు పెద్దవాళ్ల దగ్గర గట్టిగా ఉండేవి. మా డబ్బాల సంగతి ఇంట్లో చెప్పాలని మాకెవరికీ అనిపించలేదు. చెప్పకుండానే ఐదేండ్లు తిన్నాం.

ఎనిమిదో తరగతిలో నీలం లంగా, తెల్ల ఓణీ వచ్చింది. కొత్తలో అది ఎవరి భుజం మీదా నిలవదు. ప్రార్థన వేళ చేతులు జోడిస్తే జారుతుంది, ఖోఖోలో ఉరికితే జారుతుంది. పిన్నీసు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లే క్లాసులో గొప్పవాళ్లు. మా క్లాసు లీడరు జాకెట్టు అంచుకు ఎప్పుడూ అరడజను పిన్నీసులు కుచ్చి పెట్టుకునేది. ఎవరైనా వారం పదిరోజులు బడికి రాకపోతే, వచ్చిన రోజు ముఖం దించుకొని కూర్చుంటే, ఏమైందో అందరికీ తెలిసేది. ఒక్కతీ అడిగేది కాదు. మా లీడరు మాత్రం పోయి పక్కన కూర్చొని, పోయిన పాఠాల నోట్సు చేతిలో పెట్టి, రెండు పిన్నీసులు ఎక్కువిచ్చి వచ్చేది. ఒంట్లో మార్పుల గురించి అమ్మ చెప్పని మాటలు మాకు చెప్పింది ఆ లీడరే. ఆమెకు ఆమె అక్క చెప్పిందట. పక్కనే మగపిల్లలు కూర్చునే క్లాసైతే ఈ మాటలు నోటిదాకా వచ్చేవి కావు. ఆడపిల్లల బడులు ఇంకా ఎందుకని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

దసరా సెలవులు ఇచ్చే ముందు రోజు బడిలో బతుకమ్మ. తంగేడు తెచ్చే బాధ్యత తండా పిల్లలది, గునుగు ఊరి పిల్లలది, బంతులు క్యాంపు పిల్లలవి. మొదటి ఏడు క్యాంపు పిల్లకు చప్పట్లు కలవలేదు. రెండో ఏడు వచ్చేసరికి గునుగుకు రంగు అద్దడం ఆమే అందరికీ నేర్పింది. ఏ రంగు ఎంత కలపాలో, పూలు ఎంతసేపు ముంచాలో వాళ్ల పక్కింటావిడ దగ్గర నేర్చుకొని వచ్చిందట.

బీడీల చాట ముందు సోషల్ పాఠం

మా క్లాసులో సగం మంది ఇండ్లల్లో బీడీలు చేసేవాళ్లు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. ఒక దోస్తు తల్లికి కండ్లు సరిగా కనపడవు. అందుకని సాయంత్రం లెక్క ఒప్పజెప్పే బీడీలన్నీ పిల్ల చేతి మీదే నడవాలి. తునికాకును తడిపి మూట కడతారు. రేకు ముక్క పెట్టి కత్తెరతో కొలతకు కత్తిరిస్తారు. ఒళ్లో చాట, చాటలో ఒకపక్క ఆకు, ఒకపక్క తంబాకు. చిటికెడు తంబాకు ఆకులో పరిచి, బొటనవేలితో తిప్పి, పై కొస మడిచి, దారం రెండు చుట్లు వేసి పుటుక్కున తెంపుతుంది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. చేతులు అట్లా నడుస్తూనే ఉంటాయి, చూపు ఎటున్నా పరవాలేదు.

పదో తరగతిలో అప్పుడు పదకొండు పేపర్లు. హిందీకి ఒకటి, మిగతా ఐదు సబ్జెక్టులకు రెండేసి. ఇప్పటి పిల్లలకు అన్ని పేపర్లు లేవు. ఆ పదకొండింట్లో ఆమెకు సోషల్ అంటే గుండెల్లో రాయి. పుస్తకం పట్టుకుంటే చాట నడవదు, చాట పట్టుకుంటే పుస్తకం నడవదు. మాలో ముగ్గురం వంతులు వేసుకున్నాం. పొద్దుగూకినాక ఒకరం పోయి ఆమె ముందర కూర్చొని పాఠం పైకి చదవాలి. ఆమె వింటూ చుట్టాలి. ఒక పేరా కాగానే మేం ఆగితే ఆమె అప్పజెప్పాలి. తప్పు చెప్తే మేం మళ్లీ చదవాలి. తంబాకు ఘాటుకు నాకు తుమ్ములు ఆగేవి కావు. వాళ్లమ్మ నవ్వి, “బిడ్డా, గా అర్ర తలుపు కాడ కూసో, గాలొస్తది” అనేది. ఫ్రెంచి విప్లవం, ఖండాల సరిహద్దులు, పంచవర్ష ప్రణాళికలు అన్నీ ఆ చాట ముందరే గడిచాయి.

ఫలితాలొచ్చాక తెలిసింది, ఆమెకు మాకంటే సోషల్‌లోనే ఎక్కువ మార్కులని. పైకి చదివిన మేం ముగ్గురం కూడా అందులోనే గట్టెక్కాం.

పుట్టుమచ్చలు

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో నామినల్ రోల్స్ నింపుతారు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, వాటితోపాటు గుర్తుపట్టేందుకు రెండు పుట్టుమచ్చలు. అవి తర్వాత మెమో మీద ఇంగ్లీషులో అచ్చవుతాయి. పుట్టిన తేదీల గురించి చెప్తే నమ్మరు, మా క్లాసులో చాలామంది జూన్‌లోనే పుట్టాం. ఒకటో తరగతిలో చేర్పించేటప్పుడు సార్లు వేసిన తేదీలవి. ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో జూన్ వచ్చిందంటే రోజూ కేకే.

“రేపు అందరూ మచ్చలు చూసుకొని రండి” అని మేడం చెప్పింది. ఇండ్లల్లో నిలువుటద్దాలు ఎవరికున్నాయి? చేతి మీదివీ మెడ ముందువీ సరే, మిగతావి ఎవరికి వారు ఎట్లా చూసుకుంటారు? మరుసటి రోజు ఇంటర్వెల్‌లో బడి వెనక వేపచెట్టు కింద ఒకరి మెడ ఒకరు, ఒకరి మోచేయి ఒకరు పట్టుకొని వెతుకుడే. తండా పిల్లకు ఒకటే దొరికింది. రెండోది ఎంత వెతికినా లేదు. మేడంకు ఏం చెప్పాలో అని ఏడుపు ముఖం పెట్టింది. మసీదు గల్లీ పిల్ల ఆమె జడ పైకెత్తి, చెవి ముందుకు వంచి, ఆవగింజంత మచ్చ పట్టింది. కుడి చెవి వెనక. వాళ్లమ్మకు సైతం తెలియని మచ్చ అది.

ఎన్నో ఏండ్ల తర్వాత మా గ్రూపులో ఒక కొత్త నంబరు చేరింది. డీపీలో దేవుడి ఫోటో. పేరు చెప్పింది గానీ ఆ పేరుతో మా క్లాసులో ముగ్గురుండేవారు. ఇంటిపేరు చూస్తే ఎవరికీ తెలియనిది. అందరూ ‘ఎవరు, ఎవరు’ అని అడుగుతుంటే మసీదు గల్లీ దోస్తు వాయిస్ మెసేజ్ పెట్టింది. “కుడి చెవి వెనక మచ్చ ఎవరిదే?” నిమిషం కాకముందే జవాబొచ్చింది. “నాదే. నువ్వే కదనే పట్టింది!”

తెగిన చోటు

వీడ్కోలు రోజు గ్రూప్ ఫోటో. ముందు కుర్చీల్లో టీచర్లు, కింద చాపల మీద చిన్నవాళ్లు, వెనక బల్లల మీద పొడుగువాళ్లు. అట్ట మీద ఫోటో, దాని కింద వరుసల ప్రకారం పేర్లు. ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత పేరు. ఇప్పుడు ఆ ఫోటోలో ఎవరికీ ఆ మొదటి అక్షరం లేదు. చేతి రాతల ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో చాలామంది ఒకటే మాట రాశారు, పెండ్లికి పిలవడం మర్చిపోవద్దని. పిలిచినవాళ్లు తక్కువ. ఆ వేసవిలోనే కొందరి మెడలో పుస్తె పడింది. ఆడపిల్ల పెండ్లికి పద్దెనిమిదేండ్లు నిండాలని 1978లోనే చట్టం మారినా, పది పాసైతే చాలు సంబంధాలు చూసే రోజులు. తెలంగాణ వచ్చాక 2014 అక్టోబర్ 2న మొదలైన కల్యాణలక్ష్మికి వధువు వయసు పద్దెనిమిది నిండి ఉండాలన్న షరతు పెట్టారు. అది మా కాలంలో ఉండి ఉంటే మాలో కొందరు ఇంటర్ చదివేవారు, ఇంకొన్నాళ్లు కలిసి ఉండేవాళ్లం.

మా టీసీల మీద ఆంధ్రప్రదేశ్ అని, నిజామాబాద్ జిల్లా అని ఉంది. 2014లో రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడి బాన్సువాడ అందులోకి వచ్చింది. మనుషుల ఇంటిపేర్లతో పాటు ఊరి చిరునామా కూడా మారిపోయింది.

అసలు మేం ఆ బెంచీల మీద కూర్చోవడానికి ముందు ఎంతమంది ఎంత కష్టపడ్డారో అప్పుడు మాకు తెలియదు. నిజాం రాజ్యంలో తెలుగులో ఆడపిల్లలకు ఉన్నత చదువు చెప్పాలని మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడలో బాలికల పాఠశాల పెట్టించారు. ఇక్కడి విశ్వవిద్యాలయం గుర్తింపు లేక మహారాష్ట్రలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయించాల్సి వచ్చింది. 1930లో మంజీరకు ఎగువన ఉన్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే, పక్కనే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళాసభ జరిగింది. 1937లో నిజామాబాద్‌లో జరిగిన సభలకు మహిళాసభ అధ్యక్షురాలు నందగిరి ఇందిరాదేవి. మా అమ్మమ్మ అప్పుడు చిన్నపిల్ల. నిజామాబాద్ మాకు బస్సు దూరమే గానీ ఆ సభ మాట ఆమె చెవిన పడిందో లేదో. 1991 జనాభా లెక్కల్లోనూ ఉమ్మడి రాష్ట్రంలో చదువు వచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మంది లోపే. పది దాకా వచ్చి ఫోటోలో నిలబడిన మేం ఎంత కొద్దిమందిమో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

తల్లిగారింటి గడప

మా వెతుకులాట కరోనా తర్వాత మొదలైంది. పద్ధతి కూడా మేమే కనిపెట్టుకున్నాం. ఫేస్‌బుక్ పనిచేయదని తేలాక తల్లిగారిండ్లకు పోయాం. ఆడపిల్ల అత్తగారిల్లు మారినా తల్లిగారిల్లు ఎక్కడికీ పోదు. అన్నదమ్ముల్లో ఒకరైనా ఆ ఊళ్లో ఉంటారు. “మీ చెల్లె, నేను ఒక్క బెంచీల కూసున్నం అన్నా” అంటే చాలు, చాయ్ తాగి పొమ్మంటారు, నంబరిస్తారు. కొందరు వెంటనే ఫోన్ కలిపి చేతికిస్తారు. ఆ తర్వాతిది కష్టం. ఫోన్ ఎత్తేది భర్త. “ఎవరు మాట్లాడేది? ఏం పని?” పని ఏం చెప్తాం? బడి దోస్తునంటే అటునుంచి కొంచెంసేపు చప్పుడుండదు. తన భార్యకు బడి దోస్తులుంటారని ఆ మనిషికి అంతవరకు ఎన్నడూ తట్టలేదు. ఒక బావ మాత్రం ఫోన్ పక్కకు పెట్టకుండానే కేకేశాడు. “ఏమే, నీ బడి దోస్తట! జల్ది రా!” ఆ కేక మా గ్రూపులో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఇంకొక దారి బడిలోనే ఉంది. అడ్మిషన్ రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, టీసీ తీసుకుపోయిన తేదీ, అన్నీ ఒక వరుసలో ఉంటాయి. ప్రతి బడీ దాన్ని శాశ్వతంగా దాచాలి. ఆడపిల్లల బడుల ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. బ్యాచ్ వాళ్లు వచ్చి అడిగితే కొంచెం ఓపిక చేసి ఆ పుటలు చూసిపెట్టండి. మగపిల్లలకు ఆ రిజిస్టరుతో పనిలేదు, మాకు అదే దిక్కు.

జాడ దొరికాక రావడం ఇంకో మెట్టు. ఇక్కడ బస్సు మేలు చేసింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఛార్జీ లేదు. ఆ డబ్బు చిన్నదే అంటారు మగవాళ్లు. వంద రూపాయలు అడగాలంటే ఎందుకో చెప్పాలి, ఎందుకో చెప్పాక సరే అనాలి. ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. ఆ వెంటనే వచ్చిన సంక్రాంతి తర్వాత మేం కలిసినప్పుడు అనుకున్నదానికి రెండింతల మంది వచ్చారు.

ఒక దోస్తును మహారాష్ట్రలోని దెగ్లూర్‌కు ఇచ్చారు. మా దిక్కున సరిహద్దు దాటి పిల్లనిచ్చి పుచ్చుకోవడం మామూలే. 2023 మార్చి నుంచి మహారాష్ట్ర బస్సుల్లో ఆడవాళ్లకు సగం ఛార్జీ. అట్లా రాష్ట్రం హద్దు దాకా సగం టికెట్‌తో వచ్చింది. మద్నూర్‌లో మన బస్సెక్కితే ఆధార్‌లో దెగ్లూర్ చిరునామా ఉన్నందుకు పూర్తి టికెట్ తీసుకోవాల్సి వచ్చింది. పుట్టిందీ పెరిగిందీ ఈ గడ్డ మీదే, పదో తరగతి మెమో ఇక్కడిదే. కండక్టరుకు మెమో చూపిద్దామనుకుందట! టికెట్ డబ్బులు మేమందరం తలా కొంచెం వేసుకొని ఆమె సంచిలో పెట్టాం. తీసుకోనంటే మా లీడరు కళ్లెర్రజేసింది. లీడరు లీడరే.

కలిసిన రోజు మొదటి గంట బీపీలు, షుగర్లు, మోకాళ్ల నొప్పులు, పిల్లల సంబంధాలు. గల్ఫ్‌లో ఉన్న భర్తలు ఎప్పుడొస్తారన్న ముచ్చట. మాలో ఇద్దరు భర్త పోయినవాళ్లు. ఆ ఇద్దరి పక్కన తెలియకుండానే కొందరు చేరి కూర్చున్నారు, చేయి పట్టుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. రెండో గంటలో క్యాంపు పిల్ల పేరు పెట్టి అరిచింది, “ఒసేయ్, నువ్వు ఇటు రావే!” అని. ఎన్నో ఏండ్లుగా ఫలానావాళ్ల కోడలు, ఫలానావాడి అమ్మ అనిపించుకుంటున్న ఆడవాళ్లంతా ఆ తర్వాత ఒకరినొకరు ఒసే, ఏమే తప్ప పిలుచుకోలేదు. బీడీల దోస్తు పంచవర్ష ప్రణాళికల తేదీలు తప్పు లేకుండా అప్పజెప్పింది. ఆమె కూతురు ఇప్పుడు టీచరు, సోషలే చెప్తుంది.

ఫోటోలో ఉన్నవాళ్లలో ఇంకా కొందరు దొరకలేదు. ఒకామె తల్లిగారింటివాళ్లే ఊరు విడిచిపోయారు. ఒకామె భివండీలో ఉందని విన్నాం, అంతవరకే. ఇద్దరు లేరు. వాళ్ల పిల్లల నంబర్లు తీసుకున్నాం, తర్వాతి కలయికకు రమ్మన్నాం.

ఆ తర్వాతి కలయిక ఎప్పుడన్న దాని మీద గ్రూపులో పెద్ద చర్చే నడిచింది. మే నెల వద్దు, పెండ్లిళ్ల కాలం. జనవరి వద్దు, యాసంగి నాట్లు. పొలం పనికి పోయేవాళ్లు ఒక రోజు కూలి పోగొట్టుకొని రాలేరు. దసరా ముందు అనుకుంటే బతుకమ్మకు ఆడబిడ్డలు ఇంటికొస్తారు. చివరికి తండా దోస్తు తేల్చింది. “వానకాలం కోతలయినంక పెట్టుండ్రి. అప్పుడు చేతుల పైసలుంటయి, పని తక్కువుంటది. జొన్నరొట్టెలు నేను తెస్త.” క్యాంపు దోస్తు వెంటనే రాసింది, ఆవకాయ తనదని. నన్ను మాత్రం ఏమీ తేవద్దన్నారు, పప్పు అసలే వద్దన్నారు.